తడిగుడ్డ చుట్టిన యాసిడ్డు

హిందూపురంలో నేను పాఠాలు చెప్పే ప్రైవేటు డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ ల్యాబంటే నాలుగు బల్లలు, ఒక సింకు, నా కోపం. వేడి కొలవడానికి కెలోరీమీటరు కొనండి మహాప్రభో అని రెండేళ్లు అడిగి విసుగొచ్చింది. చివరికి నేను మధ్యాహ్నం తినడానికి రాగిముద్ద తెచ్చుకునే హాట్‌బాక్సులో దూది కూరి, నడుమ గాజు బీకరు నిలబెట్టాను.

"ముద్ద తినే డబ్బాలో యాసిడ్డా మేడం! ఇంట్లో చెప్పినారా?" అన్నాడు అటెండరన్న. ఆయనది ధర్మవరం, రోజూ రైల్లో వస్తాడు. ఇంట్లో చెప్పలేదు.

ప్రయోగం సులువే. యాసిడ్డు, కాస్టిక్ సోడా నీళ్లు సమానంగా కలిపితే వేడి పుడుతుంది. కలపకముందు ఎన్ని డిగ్రీలు, కలిపాక ఎన్ని డిగ్రీలు అని చూసుకుంటే ఎంత వేడి బయటపడిందో లెక్క కట్టొచ్చు. మేము కలిపే పాళ్లకు ఆరున్నర డిగ్రీలైనా పెరగాలి. ఒకటే షరతు, కలపకముందు రెండింటిలోనూ థర్మామీటరు పెట్టాలి. ఒకదాంట్లోనే పెట్టి ఊరుకున్న పిల్లలకు ఆ ఏడాదంతా సున్నాలు వేశాను. ఒకమ్మాయి ఏడ్చినా కరగలేదు.

మార్చిలో యూనివర్సిటీ నుంచి ఒక ప్రొఫెసరు తనిఖీకి వస్తాడని తెలిసింది. మా ప్రిన్సిపాల్‌ది పెనుకొండ, మాట నాన్చడు. "నీ కాంట్రాక్టు ఈ నెలతో అయిపోతాదమ్మా. ఆయప్ప ముందర ప్రాక్టికల్ బాగా చేసి చూపీ. లేకుంటే మేనేజిమెంటోళ్లు కొత్త మనిషిని చూసుకోమంటాండారు" అన్నాడు. కోపమెంతున్నా నాకు ఆ ల్యాబంటే ప్రాణం.

ఆ రోజు రానే వచ్చింది. సోడాలో థర్మామీటరు పెట్టాను, ముప్పై మూడు. అటెండరన్న లోపలి గదిలో కొలిచి తెచ్చిన యాసిడ్డు పోశాను. ముప్పై ఏడు దగ్గర ఆగిపోయింది. నాలుగంటే నాలుగే డిగ్రీలు! మళ్లీ చేశాను, అంతే. మూడోసారీ అంతే. ప్రొఫెసరు కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. ప్రిన్సిపాల్ దగ్గాడు.

నేను ఊరుకుంటానా? థర్మామీటరును తిట్టాను, గుసగుసలాడుతున్న పిల్లల్ని తిట్టాను. తర్వాత అటెండరన్న మీద పడ్డాను. "యాసిడ్డులో నీళ్లెక్కువ పోసి నా కొంప ముంచినావు కదన్నా!"

"అయ్యో, నేనేం పోయలా మేడం!"

విసవిసా లోపలి గదిలోకి పోయి చూస్తే, యాసిడ్డు సీసాకు తడి గోనెగుడ్డ చుట్టి కిటికీలో గాలికి పెట్టాడు, తాగేనీళ్లకు చుట్టినట్టు. పట్టుకుంటే చల్లగా ఉంది.

"ఎండ యట్ల కాస్తాండాదో సూడండి. పేలుతాదేమోనని పొద్దున్నే సుట్టినా" అన్నాడు వెనకాలే వచ్చి.

"మరి సోడాకు చుట్టలేదే?"

"సోడాకేం భయం మేడం? మా ఇంట్లో పట్టునూలు ఉడకబెట్టేది సోడాతోనే కదా. సిన్నప్పట్నుంచీ సూస్తాండా."

గుమ్మంలో నిలబడి విన్న ప్రిన్సిపాల్ అందుకున్నాడు. "ఏమప్పా, ఇది నీ నిర్వాకమా?"

నేను ఔనంటే సరిపోయేది. నా నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ అటెండరన్న ముఖం చూశాక నోరు రాలేదు. "తప్పు నాది సార్. యాసిడ్డులో నేను థర్మామీటరు పెట్టలేదు" అన్నాను. సిగ్గుతో చచ్చిపోయాను.

ల్యాబులోంచి, అప్పుడు సున్నాకు ఏడ్చిన అమ్మాయి గొంతు వినపడింది. "అయితే మేడంకూ సున్నానే."

ప్రొఫెసరు పడీ పడీ నవ్వి, ఆ అమ్మాయినే పిలిచి చేయమన్నాడు. ఆమె రెండింటిలోనూ థర్మామీటరు పెట్టింది. సోడా ముప్పై మూడు, యాసిడ్డు ఇరవై ఎనిమిది. సగటు ముప్పైన్నర అని కట్టి, కలిపి చూపించింది, అదే ముప్పై ఏడు. పెరిగింది ఆరున్నర డిగ్రీలు! "పాఠం బాగానే చెప్పినారు మేడం" అని ఆయన సంతకం పెట్టి పోయాడు.

కాంట్రాక్టు ఇంకో ఏడాది పొడిగించారు. కాలేజీ తెరిచాక మొదటి ప్రాక్టికల్ రోజు అటెండరన్న రెండు సీసాలూ నా ముందు పెట్టి, రెండు థర్మామీటర్లు చేతికిచ్చాడు.

"ముందర రెండూ సూసుకోండి మేడం. తిట్టేది ఉంటే ఆమైన తిట్టుదురు."

నోరు మూసుకుని రెండూ చూశాను.