పరామర్శకు పోయిన రోజు

పిడుగురాళ్లలో నా చిన్నప్పుడు సున్నం దుమ్ము పడని ఇల్లు ఉండేది కాదు. పొద్దున ఆరేసిన చీర సాయంత్రానికి తెల్లగా పొడి పట్టేది. మా పక్కిల్లే మా మేనత్తది. క్వారీలో రాయి మీదపడి మామయ్య మంచం పట్టాక, అత్త ఎవరి సలహా అడక్కుండా ఒక వ్యాపారం మొదలుపెట్టింది. నూనె మిల్లుల దగ్గర చిరిగిన గోతాలు కొని తెచ్చి, వీధిలో ఇద్దరు ఆడవాళ్లను తోడు కూర్చోబెట్టుకుని, దబ్బనంతో కుట్టి బాగుచేసి, సున్నం నింపుకోవడానికి బట్టీలకు అమ్మాలని ఆమె ఆలోచన.

కుట్టడం ఆమెకు కష్టం కాలేదు. కొనేవాళ్లతో పరిచయం సంపాదించడమే కష్టమైంది. ఒక ఆడమనిషి గోతాలు పట్టుకుని వస్తే బట్టీల దగ్గర తలెత్తి చూసేవాళ్లు తక్కువ. ఊరి చివర పెద్ద బట్టీ సాయిబు గారు మాత్రం మర్యాదగా మాట్లాడేవారు. నమూనా గోతాలు తీసుకుని, "చూద్దాం చెల్లెమ్మా, వచ్చే వారం రా" అనేవారు. అత్త అలా ఎన్ని వారాలు తిరిగిందో నాకు లెక్క తెలియదు. ఇంటికొచ్చి అరుగు మీద కూలబడి, కాళ్లు నొక్కుకుంటూ, ఆ ఒక్క బట్టీ ఒప్పుకుంటే మన బతుకు ఒక దారిన పడుతుందని మామయ్యతో అనేది. రోజూ వినీ వినీ ఆ మాట నాకూ కంఠతా వచ్చేసింది.

అంతలో సాయిబు గారి తల్లి చనిపోయింది. మూడో రోజు అత్త పరామర్శకు బయల్దేరుతూ నన్నూ వెంటబెట్టుకుంది. నాకప్పుడు తొమ్మిదేళ్లు. వాళ్లింట్లో ఆడవాళ్లంతా చాప మీద కూర్చుని ఉన్నారు. అత్త సాయిబు గారి భార్య పక్కన కూర్చుని, ఆమె చేయి పట్టుకుని, ముసలమ్మ ఆఖరి రోజుల గురించి చెబుతుంటే వింటూ ఉంది. గోతాల ఊసే లేదు. చానాసేపయ్యాక సాయిబు గారు లోపలికొచ్చి పలకరించారు. ఇంక మేము లేచే వేళయింది. అత్త అసలు సంగతి మర్చిపోయిందేమోనని నాకు ఆత్రం పట్టుకుంది. మేలు చేస్తున్నాననుకుని నేనే నోరు తెరిచాను.

"సాయిబు గారూ, మా అత్త గోతాలు ఎప్పుడు తీసుకుంటారు?"

సాయిబు గారి భార్య తన చేయి మెల్లగా వెనక్కి తీసుకుంది. ఆ చేయి కదలడం నేను చూశాను. ఏదో తప్పు జరిగిందని మాత్రం అర్థమైంది.

అత్త నన్ను కసిరి ఉంటే, పిల్ల తెలియక వాగిందని నవ్వేసి ఉంటే, అందరూ సర్దుకునేవాళ్లే. ఆమె అలా చేయలేదు. తల దించుకుని, "పిల్లది తప్పు కాదన్నా. మా ఇంట్లో రోజూ అనుకునే మాటే బయటికి అనేసింది. అమ్మ పోయిందని బాధపడే వచ్చాను. కానీ ఆ మాట నా మనసులో లేదంటే అబద్ధం అవుతుంది," అంది. మేము దండం పెట్టి బయటపడ్డాం.

లారీలు పోతున్న రోడ్డు పక్కన ఇద్దరం దుమ్ములో నడుస్తున్నాం. నేను ఏడుస్తున్నాను. అత్త పైటతో నా ముఖం తుడిచి, "ఏడవమాకే. నువ్వడిగినందుకు కాదు నా బాధ. పరామర్శ అనుకుంటూనే సగం గోతాల పనికే పోయానని నాకే ఇవాళ తెలిసింది," అంది. ఆమె గొంతులో కోపం లేదు. చెప్పలేనంత అలసట ఉంది.

ఆ తర్వాత ఆమె ఆ బట్టీ వైపు పోలేదు. ముసలమ్మ నలభయ్యో రోజు ప్రార్థనలకు మాత్రం మళ్లీ వాళ్లింటికి వెళ్లింది. నన్ను తీసుకెళ్లదనుకున్నాను గానీ తీసుకెళ్లింది. ఈసారి సాయిబు గారు తానే బయటికి వచ్చి, నిలబడే మాట్లాడారు.

"చెల్లెమ్మా, నువ్వు ఆ రోజు నిజం చెప్పావు. నేనూ చెప్పాలి. మా బట్టీకి గోతాలు ఇచ్చేది మా బామ్మర్ది. ఆయన్ని కాదనలేను. ఆ సంగతి మొదటి రోజే చెప్పక నిన్ను ఊరికే తిప్పించాను. తప్పు నాది. ఇంక నా కోసం తిరగమాకు."

అత్త ఏడుస్తుందేమోనని భయపడ్డాను. ఆమె దీర్ఘంగా ఊపిరి వదిలి, "ఇన్నాళ్లకి ఒక మాట చెప్పారన్నా," అంది. లోపలికెళ్లి సాయిబు గారి భార్య పక్కన కూర్చుంది.

ఆ బట్టీ నుంచి అత్తకు పని ఎప్పటికీ రాలేదు. ఆయన కోసం తిరగాల్సిన వారాలన్నీ వేరే చిన్న బట్టీల వెంట తిరిగింది. ఒకటి రెండు ఒప్పుకున్నాయి, ఎలాగో నెట్టుకొచ్చింది. కొన్నేళ్లకు ప్లాస్టిక్ సంచులు వచ్చి ఆ వ్యాపారమే పోయింది. సాయిబు గారి భార్య మాత్రం మామయ్య పోయినప్పుడు పదిరోజులూ వచ్చి అత్త పక్కన కూర్చుంది. వాళ్లిద్దరి మధ్యా కొనడం అమ్మడం అనేది ఏనాడూ లేదు.

టీచరుగా రిటైరయ్యాక నేనిప్పుడు నరసరావుపేటలో మా చెల్లెలి కూతురితో కలిసి చిన్న కంపెనీ పెట్టాను. మిరప చేలకు డ్రోన్లతో మందు కొట్టించే పని. పిల్లకు యంత్రం తెలుసు, నాకు మనుషులు తెలుసని పేరు. నకరికల్లు, పెదకూరపాడు అంటూ తిరుగుతూనే ఉంటాం. ఎక్కడికెళ్లినా టీ ఇస్తారు, కార్డు తీసుకుంటారు, చూద్దామంటారు. ఈ వయసులో ఆ ఒక్క మాటకు మోకాళ్లు అరిగిపోతున్నాయి.

అందుకే ఎవరి గడప తొక్కినా, ఎందుకొచ్చానో కూర్చోకముందే చెప్పేస్తాను. పలకరింపుకే వస్తే పని సంగతి ఎత్తను. రెండింటికీ వస్తే రెండింటికీ వచ్చానంటాను. పెద్దమ్మకు లౌక్యం తెలియదని పిల్ల నవ్వుతుంది. మొన్న ఒక పెద్ద రైతు నా మాట విని, "ఈ ఏడు నావల్ల కాదమ్మా, నా కోసం తిరగబాకండి," అని ముఖం మీదే చెప్పాడు. పిల్ల ముఖం చిన్నబోయింది. నేను ఆయనకు మనసారా దండం పెట్టి, పక్క ఊరి బస్సెక్కాను.