ప్లాస్టిక్ కింది మెరుపు

బట్టల కొట్టు గుమాస్తాకు వస్తువును వాడటంలో కంటే కాపాడటంలోనే తృప్తి ఎక్కువ. రంపపు పొట్టుతో చేసిన చవక భోజనాల బల్లకు మెరుపు తగ్గకూడదని, కొన్న రోజే దాన్ని దళసరి ప్లాస్టిక్ షీటుతో బిగించి కప్పాడు. ఆ షీటు మీద నీటి చుక్క పడినా మెత్తటి తువ్వాలుతో అద్దేవాడే గాని తుడిచేవాడు కాదు. తుడిస్తే గీత పడుతుందని ఆయన సిద్ధాంతం. వేడి గిన్నె కింద మడత గుడ్డ వేసేదాకా ఆయనకు ముద్ద దిగేది కాదు. ఈ కాపలాకు విసిగిన భార్య, దూరంగా మంచం మీద కూర్చుని, కంచం ఒళ్ళో పెట్టుకుని తినేది.

ఒక రోజు భోజనానికి వస్తున్న అక్కకు బల్ల అసలు అందం చూపించాలని, ఆయన షీటు అంచు పట్టి మెల్లగా లాగాడు. ఏళ్ళ తరబడి ఉక్కకు అతుక్కుపోయిన ఆ షీటు, పాలిష్‌ను పెచ్చులు పెచ్చులుగా తనతో ఊడదీసుకువచ్చింది. అంతలోనే అక్క లోపలికి వచ్చింది.

"ఏరా, కొత్తదానిలా ఉందన్నావు! దీనికి తామర పట్టిందేమిట్రా?"

ఆయన షీటుకు అంటుకుని వచ్చిన మెరుపునే చూస్తూ నిలబడిపోయాడు.

"పోనీండి వదినగారూ, ఇన్నాళ్ళకి బల్ల మా చేతికొచ్చింది," అంటూ భార్య పొగలు కక్కుతున్న కూర గిన్నెను నేరుగా దానిమీద పెట్టింది. గుమాస్తా చెయ్యి అలవాటుగా మడత గుడ్డ కోసం వెళ్ళి, దారిలో ఆగి, పక్కనున్న కుర్చీని భార్య కోసం లాగింది. ఆమె కూర్చుని, తన కంచాన్ని మొదటిసారి బల్ల మీద పెట్టుకుంది.