పిట్టరాయి నుంచి వస్తుంటే కనిపించే తాడిచెట్లు

సముద్రం మధ్యలో రాయి మీద రెండేసి రోజులు ఉండేవాళ్ళమంటే ఇప్పటి పిల్లలు అదేదో సరదా అనుకుంటారు. టెంటు వేసేవాళ్ళా, టార్చి ఉండేదా అని అడుగుతారు. టెంటూ లేదు, నా మొహమూ లేదు. రెండు తెడ్లు రాతి పగుళ్ళలో దోపి, వాటి మీద తడి తెరచాప పరిస్తే అదే ఇల్లు. అది కూడా ఎండకే. మంచుకి ఏదీ ఆగేది కాదు.

దాన్ని పిట్టరాయి అనేవారు. గాజువాక దాటి సముద్రం వైపు పోతే అప్పట్లో ఊళ్ళుండేవి, ఇప్పుడు ఫ్యాక్టరీ గోడ ఉంది. ఆ ఊళ్ళలో ఒకటి మాది. మా పొలాలు దాటితే ఇసుక దిబ్బలు, దిబ్బల కింద జాలరుల పాలెం, పాలేనికి ఎదురుగా తెప్ప మీద గంటన్నర పోతే ఆ రాయి. చెట్టు లేదు, చుక్క మంచినీళ్ళు లేవు. పిట్టలు, పిట్టల రెట్ట, అంతే. కానీ దాని చుట్టూ నీళ్ళలో రాతిచేపలు దండిగా ఉండేవి. పొద్దున్న తెల్లవారకముందూ సాయంత్రం పొద్దు వాలాకా గేలం వెయ్యాలి కాబట్టి, వెళ్ళినవాళ్ళు అక్కడే పడుకునేవాళ్ళు.

నేను జాలరిని కాను. మాది వ్యవసాయం. డెబ్బైల చివర్లో మా పొలం ఫ్యాక్టరీకి పోయింది. మా వాళ్ళు గాజువాకలో అద్దె ఇంటికి చేరారు. ఉద్యోగం పిలుపు వస్తుందన్నారు, ఎప్పుడో ఎవరికీ తెలీదు. ఇరవై నాలుగేళ్ళవాణ్ణి, తెల్లారిలేస్తే చెయ్యడానికి ఏ పనీ లేదు. మా నాన్న ఎదురుపడితే కోపం, అమ్మ అన్నం పెడితే కోపం. ఆ కోపం మోసుకుంటూ సైకిలెక్కి పాలెం పోయేవాణ్ణి. అక్కడ నాకో స్నేహితుడు ఉండేవాడు. వాళ్ళమ్మ మా ఇంటికి చేపల తట్ట మోసుకొచ్చి ధాన్యం కొలిపించుకుపోయేది. ఆవిడ కొంగు పట్టుకుని వచ్చిన చిన్నప్పటి నుంచీ అతను నన్ను బావ అనేవాడు, నేనూ బావ అనేవాణ్ణి. వాళ్ళమ్మ నాకు అత్త అయింది.

బావా, వాడి తమ్ముడూ, నేనూ. ముగ్గురం ఒక తెప్ప మీద. తెప్పంటే నాలుగు దుంగలు పక్కపక్కన పెట్టి తాడుతో కట్టింది. పడవకైతే లోపల అని ఒకటుంటుంది, దీనికి లేదు. కూర్చుంటే నడుం దాకా తడవడమే. మొదటిసారి నేను తెడ్డు పట్టుకున్న తీరు చూసి తమ్ముడు పడీ పడీ నవ్వాడు.

"ఓలమ్మో, బావ సముద్రాన్ని దున్నీత్తన్నాడు! ఎద్దులేవి బావా?"

వాడికి ఇరవై రెండు. పొడుగ్గా ఉండేవాడు. తెప్ప ముందు భాగాన నిలబడి చూడడం వాడి పని, వెనకాల తెడ్డుతో నడపడం అన్న పని. నా పని అడ్డం రాకుండా కూర్చోవడం.

వంట సామాను పెద్దగా ఉండేది కాదు. ఒక నూనె డబ్బా నిండా మంచినీళ్ళు, మూతకి మైనం. ఒక మట్టి కుండ, చోడి పిండి, అంటే రాగి పిండి, చింతపండు, ఎండుమిరపకాయలు. కట్టెడు సరుగుడు పుల్లలు. అగ్గిపెట్టె మాత్రం సైకిల్ ట్యూబు ముక్కలో చుట్టి తలపాగాలో పెట్టుకునేవారు. ఉప్పు తీసుకెళ్ళేవాళ్ళం కాదు, రాతి గుంటల్లో ఎండి ఉండేది. మూడు రాళ్ళు పెట్టి అంబలి కాచి, చేప పులుసు పెట్టి, మొదటి ముద్ద నీళ్ళలో వేశాకే తినాలి. కుండ కడిగాక బోర్లించకూడదు. కుండ బోర్లిస్తే తెప్ప బోర్లుతుందట. నేనోసారి అలవాటుగా బోర్లించబోతే ఇద్దరూ ఒక్కసారే నా చెయ్యి పట్టుకున్నారు.

పడుకునేటప్పుడు తెప్పని రాతి మీదకి లాగి, దాని తాడు ఒకరి కాలి చీలమండకి కట్టుకోవాలి. కెరటం పైకొచ్చి తెప్పని కదిపితే కాలు గుంజుతుంది, మెలకువ వస్తుంది. వంతులవారీగా కట్టుకునేవాళ్ళం. నా వంతు వచ్చినప్పుడల్లా తమ్ముడు కూడా లేచి కూర్చునేవాడు. నా మీద నమ్మకం లేక కాదట, నిద్ర రాకట. అబద్ధం. దూరంగా హార్బరులోకి పోవడానికి వరస కోసం ఆగిన ఓడల దీపాలు కనిపించేవి. వాటిలో ఏది ఏ దేశానిదో ఇద్దరం పందెం వేసుకునేవాళ్ళం. నిజమేదో తెలిసేది కాదు కాబట్టి ఎవరూ ఓడిపోయేవారు కాదు. ఒళ్ళంతా ఉప్పు పేలి మంట పెట్టేది. అయినా ఆ రాయి మీదున్నంతసేపూ నాకు కోపం రాలేదు, అది నిజం.

మొదటిసారి తిరిగొస్తుంటే బావ నా భుజం తట్టి ఒడ్డు వైపు చూపించాడు. పాలెం ముందు నీళ్ళలో మునిగి ఉన్న బండలుంటాయి. వాటి మధ్య ఒక్కటే సందు. తెప్ప ఆ సందులోంచే రావాలి. నీళ్ళ మీద గీత గియ్యలేం కాబట్టి, ఒడ్డు మీద రెండు గురుతులు కలిపి చూసుకుంటారు.

"ఆ కొండ మెడ, రెండు గుబ్బల మద్దెన పల్లం, అగుపడతందా? దాని కిందన జంట తాడిసెట్లు సూడు. ఆ రెండూ సరిగ్గా కొండ మెడలోకి వొచ్చీవరకూ ఆగాల. వొచ్చినాయా, కళ్ళు మూసుకుని లోపలికి పోడమే. మా తాత కాడినుంచీ అదే గురుతు."

ఆ జంట తాడిచెట్లు మావి. మా మెరక చేను గట్టు మీదవి. పుట్టి బుద్ధెరిగి వాటి కింద ముంజలు తిన్నాను గానీ సముద్రం మీద నుంచి ఎవరో వాటి కోసం చూస్తారని నాకు తెలీదు. మా నాన్నకీ తెలీదు. అడ్డంగా ఇసుక దిబ్బ ఉండడం వల్ల పాలెం నుంచి అవి కనిపించవు, నీళ్ళ మీదకి పోతేనే కనిపిస్తాయి. ఆ రోజు నాకు ఎంత గర్వం వేసిందో చెప్పలేను. పోయిన పొలంలో అదొక్కటే ఇంకా ఎవరికో పనికొస్తోంది.

తర్వాతి చలికాలంలో మా మెరక భూమికి యంత్రాలు వస్తున్నాయని కబురు వచ్చింది. అమావాస్య మర్నాడు చదును మొదలుపెడతారట. అప్పటికే ఊరు ఖాళీ, కప్పులు లేని గోడలు మిగిలాయి. బావకీ ఈ సంగతి తెలుసు. "ఇంకో గురుతు ఎతుక్కోవాల" అంటుండేవాడు. అమావాస్యకి రెండు రోజుల ముందు అన్నదమ్ములిద్దరూ పిట్టరాయికి బయల్దేరారు. నన్నూ రమ్మన్నారు. పొలంలో పనుందన్నాను.

పనేమిటంటే, ఆ చెట్లు. ఎవడో డ్రైవరు, మా తాత పేరైనా తెలియనివాడు, బీడీ కాలుస్తూ వాటిని తోసేస్తాడన్న ఆలోచన నాకు గొంతులో ముల్లయి కూర్చుంది. మా చెట్టు పోతే మా చేతుల్లోనే పోవాలి. అమావాస్య నాడు పొద్దున్నే గొడ్డలి తీసుకుని ఒక్కణ్ణీ వెళ్ళాను. తాడిచెట్టు పైన ఇనుము, లోపల పీచు. రెండూ పడేసరికి సాయంత్రం నాలుగయింది. అరచేతులు చిట్లి నెత్తురు. ఏడుస్తూ కొట్టాను, తిడుతూ కొట్టాను. పడ్డాక ఆ మొద్దు మీదే కూర్చుని మంచినీళ్ళు తాగి, సైకిలెక్కి గాజువాక వచ్చేశాను. బావ వాళ్ళు రాయి మీద ఉన్నారని నాకు తెలుసు. అమావాస్య నాడు పాలెంలో ఎవరూ తెప్ప దింపరు. వాళ్ళు కూడా మర్నాడు పొద్దెక్కాకే వస్తారనుకున్నానని తర్వాత నాకు నేనే చెప్పుకున్నాను. నిజానికి ఏమీ అనుకోలేదు. కోపంలో ఉన్నవాడికి తన చెట్టు తప్ప ఇంకేమీ గుర్తుండదు.

వాళ్ళు మంచినీళ్ళు అయిపోయి ఆ సాయంత్రమే బయల్దేరారు. మసక చీకట్లో తెప్ప బండల మీదకి పోయింది. బావ ఈదుకొచ్చాడు. తమ్ముడు తెప్పకీ బండకీ మధ్య పడ్డాడు. పొద్దున్న కెరటాలు ఒడ్డుకి తెచ్చాయి.

కబురు తెలిసి నేను వెళ్ళేసరికి మధ్యాహ్నం. అప్పటికే యంత్రం మా మెరక మీద తిరుగుతోంది. నేను కొట్టిన మొద్దులూ, మొదళ్ళూ, గట్టూ అన్నీ కలిపి ఒక కుప్ప చేసేసింది. చెట్లు ఎప్పుడు పడ్డాయో చెప్పడానికి అక్కడ ఆనవాలు లేదు. ఆ రోజు పొద్దున్నే యంత్రం వాటిని తోసిందని అందరూ అనుకున్నారు. అంటే ముందురోజు సాయంత్రం అవి నిలబడే ఉన్నాయి. అంటే తప్పు చూసినవాడిది.

బావ ఇసుకలో కూలబడి వచ్చినవాళ్ళందరికీ అదే చెప్తున్నాడు.

"ముందర నిలబడి, తాడిసెట్లు లేవన్నా అన్నాడు. ఎనక్కి తిప్పీ, తెల్లారీదాకా పైనే ఉందామన్నాడు. సెట్లు లేకపోడమేట్రా, గుడ్డెదవా, సరిగ్గా సూడు అని నాను తిట్టినాను. ముందుకే తోసినాను. ఆడికి అగుపడ్లేదు బావా, అగుపడ్లేదు."

నేను ఆ పక్కనే ఉన్నాను. చిట్లిన అరచేతులు లుంగీలో దాచుకున్నాను. అప్పుడే నోరు తెరిచి ఉంటే కొట్టేవాళ్ళేమో, తిట్టేవాళ్ళేమో, అయిపోయేది. తెరవలేదు. భయం. సిగ్గు అని రాసుకుంటే గౌరవంగా ఉంటుంది గానీ, భయమే. ఆ చెట్లని యంత్రానికి వదిలేసి ఉంటే ఆ ఒక్క సాయంత్రం నిలబడేవి. ఆ లెక్క మొదటి గంటలోనే నాకు అర్థమైంది.

చచ్చినవాడి కళ్ళు చారెడు అంటారు. వీడి విషయంలో మాత్రం చచ్చినవాడి కళ్ళు గుడ్డివన్నారు. పాలెం అంతా అదే మాట. అత్త అయితే ఇంకో మాట పట్టుకుంది. చిన్నప్పుడు వాడికి కళ్ళకలక వస్తే ఎవరో చెప్పిన ఆకు పసరు పోసిందట. రెండు రోజులు కళ్ళు తెరవలేదట. "నానే పోసినాను బాబూ, నా సేతుల్తో పోసినాను, అప్పుడే పోనాయి ఆడి కళ్ళు" అని నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది. నేను ఊరుకోమ్మా అన్నాను. అంతకన్నా నీచమైన మాట నా జన్మలో నేను అనలేదు.

ఏడాది పాటు అలాగే గడిచింది. నాకు ఉద్యోగం పిలుపు రాలేదు. బావ కొత్త తెప్ప కట్టుకుని మళ్ళీ పిట్టరాయికి పోవడం మొదలుపెట్టాడు. తోడుకి నేను వెళ్ళేవాణ్ణి. గురుతు లేదు కాబట్టి పగలుండగానే, బండల మీది నురుగు చూసుకుంటూ తిరిగి వచ్చేవాళ్ళం. తెప్ప ముందు భాగాన ఎవరూ నిలబడేవాళ్ళం కాదు.

ఒక మధ్యాహ్నం రాయి మీద అంబలి కాగుతోంది. బావ ఉన్నట్టుండి నవ్వాడు, తమ్ముడు పోయాక మొదటిసారి.

"అమ్మకి పిచ్చి పట్టీసింది బావా. నాకూ సిన్నప్పుడు ఆ పసరే పోసిందంట. రోజూ పొద్దున్న ఒడ్డుకొచ్చి, అల్లదిగో ఎన్ని తెరసాపలున్నాయో సెప్పు అంతాది. లెక్క సెప్తే గానీ తెప్ప దింపనీదు. నాను సెప్పినాక అది పక్కోళ్ళని అడుగుతాది, సరిగ్గా సెప్పేడా అని. నవ్వాలో ఏడవాలో తెలీట్లేదు."

అప్పుడు చెప్పేశాను. ముందుగా ఏమీ అనుకోలేదు. గొడ్డలి తీసుకెళ్ళడం, నాలుగింటికి రెండోది పడడం, లుంగీలో చేతులు దాచుకోవడం, అన్నీ. చెప్తున్నంతసేపూ బావ నా వైపు చూడలేదు. అంబలి పొంగి మంటలో పడింది. తియ్యలేదు.

తర్వాత ఒకటే అడిగాడు. "అయితే ఆడు సెట్లు లేవన్నప్పుడు, లేవా?"

"లేవు బావా."

లేచి కుండ సముద్రంలో పారబోశాడు. పొయ్యి మీద నీళ్ళు కొట్టాడు. నన్ను తెప్పెక్కమని చేత్తో చూపించాడు. ఇంకా పొద్దు వాలలేదు. దారి పొడుగునా తెడ్డు వేస్తూనే ఉన్నాడు. నేను దూకి చస్తే బాగుండుననుకున్నాను గానీ, అదీ ఇంకో పిరికితనమే.

ఒడ్డున తాడు కట్టేసి, నా మణికట్టు పట్టుకుని నేరుగా వాళ్ళింటికి తీసుకెళ్ళాడు. అత్త గుమ్మంలో కూర్చుని చేపలు తోముతోంది. "సెప్పు" అన్నాడు బావ. నేను మళ్ళీ మొదటి నుంచీ చెప్పాను. రెండోసారి చెప్పడం మొదటిసారికన్నా తేలికవుతుందనుకుంటాం. కాదు.

అత్త చేతులు ఆగిపోయాయి. తిడుతుందనుకున్నాను, దుమ్మెత్తి పోస్తుందనుకున్నాను. దానికి సిద్ధపడే నిలబడ్డాను.

"మరైతే మా గుంటడికి కళ్ళు బాగానే ఉన్నాయన్నమాట" అంది.

ఆ మాటే పెదవులు కదుపుతూ మళ్ళీ లోపల్లోపల అనుకుంది. తర్వాత తలెత్తి పెద్దకొడుకు వైపు చూసింది.

"ఇన్నావేట్రా? ఆడు నీకు సరిగ్గానే సెప్పినాడు."

బావ గోడకి చెయ్యి ఆనించి ఒక్క క్షణం నిలబడి, బయటికి వెళ్ళిపోయాడు. నేను ఆవిడ ముందే ఉన్నాను. ఆవిడ నన్ను కూర్చోమనలేదు, పొమ్మనలేదు.