సారు నంబరు మీద నమోదైనవాళ్లు

ఉచితంగా ఇచ్చేదానికి మనిషి పేరూ నంబరూ ఎందుకు అడగాలి? కొన్నేళ్లుగా ఈ ప్రశ్న నన్ను వదలడం లేదు. పోయిన సోమవారం నేను వనపర్తిలో కాలేజీకి బయల్దేరుతుంటే, గద్వాలలో మగ్గం నేసే సువర్ణ వాళ్లాయన ఫోన్ నుంచి మాట్లాడింది. "అక్కా, లైబ్రరీ సారు పోయిన్రు. నిద్రలనే." నాకు మొదట గుర్తొచ్చింది ఈ ప్రశ్నే. ఏడుపు బస్సెక్కాక వచ్చింది.

ధరూర్ బడిలో ఆయన నాకు తెలుగు చెప్పారు. రిటైరయ్యాక గద్వాలలో మగ్గాల వీధిలోని చిన్న లైబ్రరీ చూసుకున్నారు. పుస్తకం ఆలస్యంగా తెచ్చినవాళ్లను తిట్టేవారు కాదు. "సదివినవా, దాసుకున్నవా?" అని అడిగేవారు, అంతే.

"లైబ్రరీల వైఫై పెడదాం బిడ్డా, అందరికి పుకట్ల, పైస తీస్కోకుండ" అన్నారు ఒకరోజు. కాలేజీలో కంప్యూటర్లు చెప్పేదాన్ని కాబట్టి ఆ పని నా మీద పడింది. రెండు ఆదివారాలు వనపర్తి నుంచి కృష్ణ మీది బీచుపల్లి వంతెన దాటి వచ్చి, గోడకు పెట్టె బిగించి, నమోదు పేజీ తయారుచేశాను. పేరు, ఫోన్ నంబరు, ఆ నంబరుకు వచ్చే ఓటీపీ. వారానికోసారి మళ్లీ ఓటీపీ. ఎవరు వాడుతున్నారో తెలియాలి కదా! పక్కాగా చేశానని నన్ను నేనే మెచ్చుకున్నాను.

మొదటిరోజే సువర్ణ మగ్గం దిగి వచ్చింది. ఓపెన్ స్కూల్లో పదో తరగతి రాస్తోంది, పాఠాల వీడియోలు చూడాలి. చేతిలో వాళ్లాయన వాడి పక్కన పడేసిన ఫోను. అందులో సిమ్ లేదు. ఓటీపీ ఎక్కడికి రావాలి? ఆమె వెనకాల నిలబడ్డ ఆడవాళ్ల ఫోన్లూ అలాంటివే.

సారు నా వైపు తిరిగారు. "రీచార్జి ఉన్నోళ్లకు మన వైఫై ఎందుకు బిడ్డా? లేనోళ్ల కోసమే కద పెట్టింది."

ఆయన జేబులోంచి బటన్ల ఫోన్ తీశారు. "నా నంబర్ కొట్టు. అందరికి."

"సారూ, ఎవరన్న తప్పు పని చేస్తే మీ మీదికొస్తది."

"రానియ్. అడిగితే జవాబు చెప్పుకునే నోరు నాకున్నది."

అప్పట్నుంచి అన్నం తింటున్నా ఆ ఫోన్ మోగేది. ఎడమచేత్తో తీసి, దూరంగా పట్టుకుని చదివేవారు. "ఎవరిది, సువర్ణదా? నాలుగు, సున్న, ఏడు, ఏడు. జల్ది కొట్టు తల్లీ, మల్ల పోతది." "సారు లాటరీ తీస్తున్నరు" అని ఆడవాళ్లు నవ్వేవారు. ఎవరు ఎప్పుడు వాడారో ఆయనే ఒక పుస్తకంలో రాసిపెట్టేవారు.

ఒకరోజు నేనక్కడ ఉండగానే సువర్ణ బావగారు ఆ పుస్తకం కోసం వచ్చాడు. "మా మరదలు రోజు ఈడికొచ్చి ఏం సూస్తుందో జర చూపియ్ సారూ."

సారు పుస్తకం మూసి మీద చేయి పెట్టారు. "నువ్వు ఏమేం పుస్తకాలు తీస్కపోతున్నవో మీ ఆమె అడిగింది. చెప్పిన్నా?"

అతను తడబడ్డాడు. "మా ఆమె ఏమని అడిగింది?"

"అది గూడ చెప్ప."

మళ్లీ ఎవరూ అడగలేదు. సువర్ణ పది పాసైంది.

నియమాలు రాయడం నాకు యూనివర్సిటీలో వచ్చింది. నేను రాసిన నియమం ఎవరిని గుమ్మం బయట నిలబెట్టిందో ఒక్క చూపులో పట్టుకుని, వాళ్ల పక్కన తన నంబరు పెట్టిన మనిషి మా సారు. ఆయన దగ్గర చదువుకున్నానని చెప్పేటప్పుడు నా గొంతు కాస్త పెద్దదవుతుంది. అవనీ.

నిన్న లైబ్రరీకి వెళ్లాను. సారు ఫోన్‌ను ఆయన కూతురు నాగర్‌కర్నూలు తీసుకెళ్లింది, అది మోగడం లేదు. ఒక్కొక్కరికీ వారం గడువు తీరిపోతోంది. సువర్ణ ఇప్పుడు ఇంటర్ చదువుతోంది. "అక్కా, నీ నంబర్ పెడ్తవా?" అంది.

"నేను క్లాసుల ఉంటే ఓటీపీ ఎవరు చెప్తరే?" అన్నాను. అది సాకు. ఎవరో చేసినదానికి నన్ను పిలిచి అడుగుతారేమోనన్నది అసలు భయం. పోనీ, ఓటీపీయే తీసేద్దామంటే, రేపు ఏదైనా జరిగితే వైఫైని మొత్తానికే మూసేయమంటారు. నా నంబరు ఇవ్వాలో, అసలు నంబరు అడగడమే మానేయాలో నాకింకా తేలలేదు.

"రేపు చెప్త" అన్నాను.

సువర్ణ మెట్ల మీద కూర్చుంది. ఫోన్‌లో ఓటీపీ కోసం నాలుగు ఖాళీ గళ్లు. తెర వెలుగు తగ్గినప్పుడల్లా, ఆరిపోకుండా వేలితో తాకుతూ ఉంది.