రూపాయి నలభై పైసలు

మా ఇంటికి ఫ్రిజ్ వచ్చిన రోజే మా మావగారు బజారుకెళ్లి మట్టికుండ కొని తెచ్చుకున్నారు. ఆయన మా ఊరు నెల్లిమర్లలోని జూట్ మిల్లులో పని చేసి రిటైరైన మనిషి. ఆయన కొడుకు, అంటే మా ఆయన, విజయనగరంలో ఒక కాలేజీలో లెక్కల మాష్టారు. ఫ్రిజ్‌ని క్రెడిట్ కార్డు మీద వాయిదాల్లో కొన్నారని మావగారికి కోపం.

"అప్పుతో సల్లబడిన నీళ్లు నాకొద్దు. ఆ కార్డు నువ్వు సచ్చినా నిన్నొదల్దు, సూసుకో" అన్నారు కొడుకుతో.

నాలుగేళ్లు ఆ కుండ నీళ్లే తాగారు. ఆ పంతం చూసి నేను లోలోపల నవ్వుకునేదాన్ని.

నాలుగో ఏడు మా ఆయనకి లివరు పాడైంది. విశాఖపట్నం ఆస్పత్రిలో ఒక రోజు మంచం మీదే కూర్చుని చెక్కుబుక్కు తెమ్మన్నారు. కార్డు బిల్లు ఎనిమిది వేల నాలుగు వందల అరవై రెండు రూపాయల అరవై పైసలు. ఆయన రాసింది ఎనిమిది వేల నాలుగు వందల అరవై నాలుగు. అరవై మూడు వేస్తే చాలు కదా అన్నాను. "అలాగుండనీ" అన్నారు. అంతకు మించి మాట్లాడే ఓపిక లేదు. లెక్కల మాష్టారు ఇంత చిన్న లెక్క తప్పారంటే ఇక మనిషి దక్కడని నాకు అర్థమైంది. వరండాలోకి వెళ్లి ఏడ్చాను. పన్నెండో రోజున పోయారు.

చర్చి సంఘం వాళ్లు వచ్చి పాటలు పాడి, ప్రార్థన చేసి, సమాధి చేశారు. ఏడాది జ్ఞాపకార్థ కూడికలోగా సమాధి మీద పేరు చెక్కిన రాయి నిలబెట్టాలి. అయితే బ్యాంకు నుంచి మా ఆయన పేరు మీద నెలనెలా కాగితం వస్తూనే ఉంది. అడుగున రూపాయి నలభై పైసల అంకె, దాని పక్కన జమ అని తెలిపే సి.ఆర్. అన్న రెండు ఇంగ్లీషు అక్షరాలు. మావగారికి అంకెలు తెలుసు, ఇంగ్లీషు రాదు.

"ఏటమ్మా ఇది? ఆడి బాకీ ఇంకా ఉన్నాదేటి?"

"బాకీ కాదు మావయ్యా. ఆళ్లే మనకియ్యాలి. ఒదిలీండి."

"ఇయ్యాల్సినోడు నెలనెలా ఉత్తరం రాస్తాడేటమ్మా? ఇది తీరీదాకా ఆడి పేరు రాయి మీద సెక్కించను."

నాకు ఒళ్లు మండింది. రూపాయి నలభై పైసల కోసం కన్నకొడుకుని మట్టిదిబ్బ కింద వదిలేస్తారా అని గట్టిగానే అడిగాను. నేనే బ్యాంకుకి వెళ్లి ఆ కార్డు మూయించేస్తే సరిపోయేది. కానీ డెత్ సర్టిఫికెట్ పట్టుకుని మా ఆయన పేరు ఇంకో చోట కొట్టేయించడానికి కాళ్లు రాలేదు. తప్పు నాదే. ఆ ఏటి వానలకి దిబ్బ ఒక పక్కకి కుంగిపోయింది.

తర్వాతి నెల కాగితంలో అంకె పదకొండు రూపాయల నలభై పైసలైంది. ఆ పై నెల ఇరవై ఒకటి నలభై. మావగారు పొద్దుటి టీ మానేశారు. ఒక ఆదివారం నేను మావగారి బైబిలు తీసి దులుపుతుంటే రెండు బ్యాంకు స్లిప్పులు జారిపడ్డాయి. ఒక్కొక్కటి పది రూపాయలకి. బస్సెక్కి విజయనగరం వెళ్లి, ఎవరిచేతో రాయించి, కట్టి వచ్చారన్నమాట.

"కడతంటే పెరుగుతన్నాదమ్మా. వడ్డీ" అన్నారు తల వంచుకుని. "సచ్చినా నిన్నొదల్దని ఆడితో నేనే కదా అన్నాను. ఆ మాటే తగిలింది."

నా కోపం అక్కడే చచ్చిపోయింది. నెలల తరబడి ఈ ముసలాయన ఏం మోస్తున్నాడో ఒకే ఇంట్లో ఉండి చూడలేదు నేను.

సోమవారం ఇద్దరం కలిసి వెళ్లాం. కౌంటరు దగ్గరున్న అమ్మాయి ఓపిగ్గా పాత బిల్లులు తీసింది. "ఇది బాకీ కాదు తాతగారూ, బ్యాంకు దగ్గరున్న మీ డబ్బు. మీరు కడుతున్నకొద్దీ పెరుగుతోంది. మొదట మీ అబ్బాయే ఎక్కువ కట్టారు" అంటూ బిల్లు అంకె, చెక్కు అంకె రెండూ చదివింది.

మావగారు వేళ్లు మడిచి లెక్క వేశారు. "పైసలు రూపాయి సేసి, ఆ పైన ఇంకో రూపాయి..." అని ఆగిపోయారు.

మిల్లులో జీతం ఇచ్చిన రోజు కొడుకు వేలు పట్టుకుని కిరాణా కొట్టుకి వెళ్లడం ఆయనకి అలవాటట. బాకీలో పైసలుంటే రూపాయి చేసి తీర్చి, పైన ఇంకో రూపాయి బల్ల మీద పెట్టేవారట. కొట్టు షావుకారు వద్దన్నా వెనక్కి తీసుకునేవారు కాదు. మనం తక్కువిచ్చామని రేపెవరూ అనకూడదని పిల్లాడికి చెప్పేవారట. ఇవన్నీ ఆ కౌంటరు ముందు నిలబడే చెప్పారు.

"ఆడు లెక్క తప్పలేదమ్మా" అన్నారు నావైపు తిరిగి. వెనక లైనులో జనం ఉన్నారని కూడా చూసుకోకుండా ఏడ్చాను.

సర్టిఫికెట్ ఇచ్చి, సంతకాలు పెట్టి, కార్డు మూయించాం. ఇరవై ఒక్క రూపాయల నలభై పైసలు నా ఖాతాలో వేస్తామన్నారు.

ఇంటికొచ్చాక మావగారు కుండ దగ్గరికి వెళ్లలేదు. ఫ్రిజ్ తలుపు ఎటు లాగాలో తెలియక కాసేపు తడుముకున్నారు. సీసా తీసి, తన గ్లాసులో పోసుకుని, నిలబడే తాగారు. పళ్లు జివ్వుమన్నట్టున్నాయి, ముఖం చిట్లించారు, అయినా ఆపలేదు.

"ఆడున్నప్పుడే తాగాల్సిందమ్మా" అన్నారు.

తర్వాత గ్లాసు కడిగి బోర్లించి, చెప్పులేసుకుని, రాయి చెక్కే మనిషి దగ్గరికి బయల్దేరారు.