నేను చూడని థర్డ్ బేస్

కరోనా సద్దుమణిగి మైదానాలు మళ్ళీ తెరుచుకున్న ఏడాది. నాచారం పారిశ్రామికవాడ వెనకాల ఒక కాలేజీ గ్రౌండ్‌లో కాలేజీ జట్ల బేస్‌బాల్ ఫైనల్. నేను పీర్జాదిగూడలో ఉంటూ ఇక్కడొక స్కూల్లో పీఈటీగా పనిచేస్తాను, ఆదివారాలు అంపైరింగ్. "అదీ ఒక పనేనా?" అని మా భీమవరం బంధువులు ఇప్పటికీ అడుగుతారు. ఎండలో నిలబడి రెండు వైపుల నుంచీ తిట్లు తినడాన్ని పని కాక ఇంకేమంటారో నాకు తెలియదు.

క్రికెట్ అంపైర్‌కి ఉన్నచోట నిలబడే సుఖం కొంతైనా ఉంది. మాకు అదీ లేదు. బేసులు నాలుగు. టీవీలో చూపించే పెద్ద మ్యాచ్‌లకి అంపైర్లూ నలుగురు. మన దగ్గర దొరికేది ఇద్దరే. బ్యాటర్ వెనక కూర్చునే క్యాచర్‌కీ వెనక, మాస్కూ ఛాతీ కవచమూ కట్టుకుని నిలబడేది ప్లేట్ అంపైర్. బేసుల మధ్య తిరిగేది బేస్ అంపైర్. ఫస్ట్ బేస్ మీద రన్నర్ ఉండగా బంతి దూరం పోయిందంటే ఫస్టూ సెకండూ బేస్ అంపైర్‌వి. ఆ రన్నర్ థర్డ్ దాకా వెళితే అక్కడికి ప్లేట్ అంపైరే పరిగెత్తాలి, "థర్డ్ నాది" అని అరుస్తూ. దీన్నే కవరేజ్ అంటాం. ఇద్దరూ ఒకే వైపు చూశారంటే మిగతా మైదానానికి దిక్కు లేనట్టే.

ఆ రోజు ప్లేట్ వెనక సునీత. నాచారంలోనే ఒక ఫ్యాక్టరీలో ప్యాకింగ్ సూపర్‌వైజర్. పొద్దున చర్చికి వెళ్ళి నేరుగా గ్రౌండ్‌కి వచ్చింది. బేసుల దగ్గర ఆమెకి వంక పెట్టినవాళ్ళు లేరు. ప్లేట్ అనేసరికి మాత్రం, అంత బరువు కట్టుకుని ఆడమనిషి థర్డ్ దాకా ఏం ఉరుకుతుందని అసోసియేషన్ పెద్దలు పక్కన పెడుతూ వచ్చారు. ఈ ఫైనల్ సరిగ్గా చేస్తే రాష్ట్ర ప్యానెల్‌లోకి తీసుకుంటారు, లేదంటే ఇక ఆ మాటే ఎత్తవద్దన్నారు. చూసి చెప్పడానికి దమ్మాయిగూడ నుంచి ఒక సీనియర్ అంపైర్‌ని పంపారు. ఆయన షామియానా కింద కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

మ్యాచ్‌కి ముందు ఎవరి బాధ్యతలేమిటో ఇద్దరం ఒకసారి చెప్పుకోవడం మా ఆనవాయితీ.

"థర్డ్ నేను జూసుకుంట సార్. మీరు ఫికర్ జేయకున్రి," అంది సునీత.

"నా ఫికరంతా ఫస్ట్ గురించే," అన్నాను. నిజానికి థర్డ్ గురించే.

చివరి ఇన్నింగ్స్. బ్యాటింగ్ జట్టు ఒక్క రన్ వెనకబడి ఉంది. ఒకరు అవుట్, ఫస్ట్ మీద రన్నర్. అతను చుట్టి వస్తే స్కోరు సమం. బ్యాటర్ కుడివైపు ఖాళీలోకి గట్టిగా కొట్టాడు. రన్నర్ సెకండ్ దాటి ఆగలేదు. "థర్డ్ నాది!" అని సునీత కేక వినిపించింది. నేను ఫస్ట్ వైపు తిరిగి ఉన్నాను. బ్యాటర్ అక్కడ మలుపు తిరుగుతూ, బేసు గుర్తుగా పెట్టిన బ్యాగు తొక్కలేదు. కాలు ఇవతల మట్టిలో పడింది. అంతలో ఫీల్డర్ విసిరిన బంతి నా మీదుగా థర్డ్‌కి వెళ్ళింది. మెడ అటు తిప్పాలని ఎంత లాగిందో చెప్పలేను. కానీ బ్యాటర్ సెకండ్‌కి వస్తున్నాడు, అతను నా లెక్క. వెనక నుంచి సునీత గొంతు "అవుట్" అంది.

బ్యాటింగ్ జట్టు కోచ్ ఆమె దగ్గరికి పోకుండా నేరుగా నా దగ్గరికి వచ్చాడు.

"సార్, సీనియర్ మీరు. మీరు జెప్పున్రి. మా పోరడు సేఫే కదా?"

"నేను చూడలేదండి."

"గింత దగ్గర నిలవడి సూడలేదా? మరి ఎటు సూస్తున్నరు?"

బేసు తొక్కని సంగతి అంపైర్ తనంతట తాను బయటపెట్టకూడదు. ఫీల్డింగ్ జట్టు కనిపెట్టి అప్పీల్ చేస్తేనే అవుట్. ఎటు చూశానో చెబితే ఈయన రెండో కుర్రాడూ పోతాడు.

"నా బేసులు చూసుకుంటున్నానండి," అని ఊరుకున్నాను.

సునీత మాస్కు చేత్తో పట్టుకుని వచ్చింది. "అన్నా, థర్డ్ నాది. అడిగేదుంటే నన్నడుగు. కాలు బ్యాగుకు తాకకముందే బంతితోని ట్యాగ్ పడ్డది. నేను ముంగటనే ఉన్న."

ఆమె గొంతు పెంచలేదు. కోచ్ గొణుక్కుంటూ వెళ్ళాడు. అప్పీల్ ఎవరూ చేయలేదు; పిచర్ మరుసటి బంతి వేయడంతో ఆ అవకాశమూ పోయింది. ఆ బంతినే తర్వాతి బ్యాటర్ గాల్లోకి లేపి క్యాచ్ ఇచ్చాడు. ఆ మూడో అవుట్‌తో మ్యాచ్ అయిపోయింది.

షామియానా కింద పెద్దాయన నన్ను పిలిచాడు. "ఆ రన్నర్ నిజంగ అవుటేనా?"

"నాకు తెలియదు సార్."

ఆయన నవ్వాడు. "బాల్ థర్డ్‌కు పోయినప్పుడు నేను నిన్నే సూస్తున్న. నువ్వు అటు తిరిగుంటే ఆమెను పాస్ జేసెటోణ్ణి గాదు. పక్కనోడే నమ్మకపోతే నేనేం నమ్మాలె?"

నాకు చాలా సంతోషం వేసింది. ఇప్పుడు కొత్తగా వచ్చే అంపైర్లకి ఎక్కడ నిలబడాలో ఒక పూటలో నేర్పేస్తాను. ఎటు చూడకూడదో నేర్పడానికే తల ప్రాణం తోకకొస్తోంది.

సాయంత్రం ఉప్పల్ రింగ్ రోడ్డు దగ్గర టీ తాగుతూ, బ్యాటర్ ఫస్ట్ తొక్కని సంగతి సునీతకి చెప్పాను. టీ ఒలికేదాకా నవ్వింది. తర్వాత అడిగింది.

"ఒక్కసారి గూడ ఇటు సూడలేదా సార్?"

"లేదు."

"భయం గాలేదా?"

"అయింది."

"నాకు గూడ అయింది," అంది గ్లాసు కింద పెడుతూ. "మీరెక్కడ ఇటు తిరుగుతరోనని."