వాగులో పాతిన గాట్ల కర్ర

నీళ్లలో నా మెట్టెలు నాకు కనిపించలేదు. ప్రమాదం ఉందని నాకు మొదట తెలిసింది ఆ క్షణంలోనే.

అది బతుకమ్మ పండుగ తొమ్మిదో రోజు, సద్దుల బతుకమ్మ సాయంత్రం. ఊళ్లోని ఆడవాళ్లం, పిల్లలం అందరం వాగు ఇసుకలో ఉన్నాం. గునుగు పూలకు అద్దిన ఎర్రరంగు మా చిన్నవాడి చేతులకు అంటుకుంటే కడుగుదామని వాణ్ణి వెంటబెట్టుకుని పాయలోకి దిగాను. చీలమండ దాటని నీళ్లు. పొద్దున అక్కడే నిలబడి బట్టలు జాడించాను. అప్పుడు అడుగున గులకరాళ్లు, వాటి మధ్య నా కాలివేళ్లు, వెండి మెట్టెలు కడిగిన అద్దంలో ఉన్నట్టు కనిపించాయి. ఇప్పుడు అవే నీళ్లు చాయ్ రంగులో ఉన్నాయి. ఎండుటాకులు, చిన్న చిన్న పుల్లలు, తెల్లటి నురుగు నా కాళ్లను రాసుకుంటూ పోతున్నాయి.

తలెత్తి చూశాను. మబ్బు తునక లేదు. పడమటి వైపు ఆకాశం తంగేడు పువ్వంత పచ్చగా ఉంది.

మా వాగు గురించి కొంచెం చెప్పాలి. వానాకాలం పోయాక అది వాగు కాదు, వెడల్పాటి ఇసుక మైదానం. నడుమ ఎత్తుగా ఒక దిబ్బ ఉంటుంది. దిబ్బకు అవతల సన్నటి పాయ పారుతుంది. ఇవతల, ఊరి గట్టుకూ దిబ్బకూ మధ్య, ఎండిపోయిన పల్లం. ఆ పల్లంలోంచి నడిచి వచ్చి దిబ్బ మీద బతుకమ్మలు పెట్టి ఆడటం మా ఊరి అలవాటు. ఇసుక శుభ్రంగా, మెత్తగా ఉంటుంది కదా. కానీ వాగుకు నీళ్లు వస్తే దిబ్బ కంటే ముందు నిండేది ఆ పల్లమే. అప్పుడు దిబ్బ మీద ఉన్నవాళ్లకు దారి ఉండదు. మా వాగు పుట్టేది గూడూరు అవతల అడవి గుట్టల్లో. అక్కడ వాన పడితే ఇక్కడ మనకు చెప్పేవాళ్లు ఎవరూ ఉండరు.

ఆ ఏడు బళ్లు సరిగా లేవు. చలికాలంలో మొదలైన ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం ఎండాకాలం దాటింది, వానాకాలమూ దాటింది. గూడూరు బడి తెరిచారని ఒకరోజు కబురు వచ్చేది, మళ్లీ తాళం వేశారని ఇంకో రోజు. బస్సు వస్తే వచ్చినట్టు, లేకపోతే లేదు. హనుమకొండ కాలేజీలో చదువుతున్న మా తమ్ముడు జైలుకు వెళ్లి వచ్చాడు. నాన్న గర్వపడ్డాడు, అమ్మ ఏడ్చింది. నేను రెండూ చేశాను. ఆ తర్వాత నా పిల్లల వైపు చూస్తే వీళ్ల చదువు ఏమైపోతుందోనని బెంగ పట్టుకునేది. పెద్దది అమ్మాయి, ఎనిమిదేళ్లది. చిన్నవాడికి ఆరు. నేను అదే హనుమకొండలో డిగ్రీ చదివి ఈ ఊరికి కోడలినై వచ్చినదాన్ని. నాకు వచ్చిన నాలుగు ముక్కలూ నా పిల్లలకు చెప్పుకోలేనా అనిపించింది. అరుగు మీద చాప పరిచి, పలకలు ఇచ్చి కూర్చోబెట్టాను.

మా అత్తమ్మకు ఇది మొదట్లో నచ్చలేదు.

"ఇంట్ల కోడలు పంతులమ్మ అయితె బువ్వ ఎవరు వండాలె?" అని దూలానికి చెప్పినట్టు చెప్పేది.

వంట అయ్యాకే బడి పెట్టాను. గింజలతో కూడికలు, తీసివేతలు. ఆకులు తెచ్చి వాటి ఈనెలు బొమ్మ గీయడం. వాగు కర్ర కూడా అలా వచ్చిందే. ఊళ్లో వడ్రంగం చేసే వడ్లాయనతో ఒక గట్టి కర్రకు బెత్తెడుకొక గాటు కొట్టించి, పాయలో బట్టలు ఉతికే బండ పక్కన పాతాను. పిల్లలిద్దరూ రోజూ పొద్దున వెళ్లి నీళ్లు ఏ గాటు దాకా ఉన్నాయో చూసి రావాలి. నిన్నటికీ ఇవాళ్టికీ ఎంత తేడా? ఎందుకు? నీళ్ల రంగు ఎలా ఉంది? ఇదీ పాఠం. వానలు తగ్గేకొద్దీ ఒక్కో గాటూ బయటపడుతుంటే వాళ్లు పండుగలా అరుస్తూ వచ్చేవాళ్లు. మా ఏరాలు, అంటే మా బావగారి భార్య, ఆ కర్రను చూసినప్పుడల్లా నవ్వేది.

"చెల్లె, వాగుకు అంగీ కుట్టిస్తున్నవా ఏంది, రోజు కొలుస్తున్నవ్?"

నేనూ నవ్వేదాన్ని. కానీ లోపల ఒక భయం ఉండేది. నేను స్వభావం చేతనే భయస్తురాలిని. పిల్లవాడు దగ్గితే నిద్ర పట్టదు. ఉరిమితే ఇద్దరినీ దగ్గరకు లాక్కుంటాను. రాత్రి లాంతరు దగ్గర కూర్చుని ఇది రాస్తూ కూడా మధ్యలో రెండుసార్లు లేచి వాళ్ల దుప్పటి సర్దాను. బడికి పోయి నలుగురిలో తిరగాల్సిన పిల్లలు రోజంతా నా కొంగు పట్టుకుని ఉంటే వాళ్లకూ నా పిరికితనమే వస్తుందేమో, చదువు చెప్తూ చెప్తూ దాన్నే నేర్పిస్తున్నానేమో అని నా దిగులు.

ఇక ఆ సాయంత్రానికి వస్తాను. చిన్నవాణ్ణి చంకనెత్తుకుని దిబ్బ మీదికి పరుగెత్తాను. అప్పటికే బతుకమ్మలన్నీ నడుమ పెట్టి, చుట్టూ తిరుగుతూ చప్పట్లు కొడుతూ పాడుతున్నారు. మా అత్తమ్మే పాట చెప్తోంది. ఆమె గొంతు ఊళ్లో అందరికంటే పెద్దది. నేను వెళ్లి ఏరాలి చెయ్యి పట్టుకున్నాను.

"అక్కా, నీళ్లు ఎర్రగ వస్తున్నయ్. మీద గుట్టలల్ల వాన పడ్డట్టుంది. గట్టు మీదికి పోదాం."

ఆమె చప్పట్లు ఆపకుండానే ఆకాశం వైపు చూసింది.

"మబ్బేది చెల్లె? నీకు కప్ప దుంకినా భయమే."

పక్కనున్న ఇద్దరు ముగ్గురు నవ్వారు. "సదువుకున్నోళ్లకు పరేషాన్ ఎక్కువ" అన్నారెవరో. నిన్నా మొన్నా నేను భయపడిన ప్రతిదానికీ నవ్వినవాళ్లు ఇవాళ మాత్రం ఎందుకు నమ్ముతారు? అత్తమ్మ దగ్గరకు వెళ్లి చెప్పాను. ఆమె పాట ఆపలేదు. కళ్లతోనే వరుసలో నా చోటు చూపించింది.

నా పిల్లలిద్దరినీ తీసుకుని నేనొక్కదాన్నే వెళ్లిపోవచ్చు. కానీ అక్కడ ఊరి పిల్లలంతా ఉన్నారు. చంకలో బిడ్డలతో బాలింతలు ఉన్నారు. కర్ర సాయం లేకుండా నడవలేని ముసలమ్మలు ఉన్నారు. పల్లం నిండాక వీళ్లను ఎవరు దాటిస్తారు?

అప్పుడు నా కూతురి కోసం చూశాను. ఆమె వరుసలో లేదు. పేరు పెట్టి పిలవబోతుంటే పాయ వైపు నుంచి పరుగెత్తుకుంటూ వచ్చింది. పరికిణీ అంచు తడిసి కాళ్లకు చుట్టుకుపోతోంది. నేను అన్నమాట విని తనే కర్ర చూడటానికి వెళ్లిందట.

"అమ్మా, పొద్దుగాల కింది గాటు గూడ మునగలే. ఇప్పుడు మూడు గాట్లు మునిగినయ్. నేను సూస్తుంటనే మూడోది మునిగింది."

"సూస్తుంటనేనా?"

"అవునమ్మా. ఇట్ల వంగి సూస్తున్న, అట్లనే పోయింది."

నేను మళ్లీ అత్తమ్మ వైపు కదిలేలోపే నా కూతురు నన్ను దాటుకుని వెళ్లింది. నాయనమ్మ పక్కన నిలబడి చీర చెంగు లాగింది.

"నాయినమ్మా, బతుకమ్మలు లేపుండ్రి."

పాట ఆగింది. పాట నడిమధ్యలో ఆపకూడదు, ఆడుతుండగా బతుకమ్మను చోటు నుంచి కదపకూడదు. మా ఊళ్లో పాలు తాగే పిల్లకు కూడా తెలిసిన మాట అది.

"నడిమిట్ల లేపుతరానే? అరిష్టం!" అంది అత్తమ్మ. "మీ అమ్మ చెప్పిందా?"

"అమ్మ చెప్పలే. కర్ర చెప్పింది. మూడు గాట్లు మునిగినయ్."

"కర్ర లేదు గిర్ర లేదు. పాట అయిపోనీ. అయినంక పోదాం."

నా కూతురి పెదవి వణకడం నాకు కనిపించింది. ఏడుస్తుంది అనుకున్నాను. నా కూతురే కదా. కానీ అది ఏడవలేదు. బతుకమ్మల వైపు చూసింది. మా ఇంటి పెద్ద బతుకమ్మ మీద, గుమ్మడి పువ్వు నడుమ, పసుపుతో చేసిన గౌరమ్మ ఉంది. దాన్ని అత్తమ్మే తన చేతులతో చేసి పెట్టింది. సాగనంపే ముందు గౌరమ్మను తీసి, ఆ పసుపు ముత్తైదువలంతా పుస్తెలకు రాసుకున్నాకే బతుకమ్మను నీళ్లలో వదలాలి. తొమ్మిది రోజులు మనవరాలిని ఒళ్లో కూర్చోబెట్టుకుని ఆమె చెప్పినవి ఇవన్నీ.

"మరి నాయినమ్మా," అంది నా కూతురు, "పసుపు ఎవ్వలు తియ్యకముందే వాగొచ్చి గౌరమ్మను గుంజుకపోతే? అప్పుడు పెద్ద అరిష్టం కాదా?"

అత్తమ్మ మనవరాలి ముఖం చూసింది. తర్వాత పాయ వైపు చూసింది. పాయ అప్పటికి పొద్దుటి పాయలా లేదు. బట్టల బండ పైభాగం మాత్రమే కనిపిస్తోంది. చప్పట్లు, పాట ఆగిపోయాయి కాబట్టి వస్తున్న నీళ్ల చప్పుడు కూడా వినిపించింది. దూరంగా ఎవరో జొన్నలు చెరుగుతున్నట్టు ఉంది.

అత్తమ్మ వంగి, మా బతుకమ్మ ఉన్న పెద్ద తాంబాళాన్ని రెండు చేతులా ఎత్తి నెత్తిన పెట్టుకుంది.

"లేపుండ్రి. గట్టు మీద ఆడుదాం. పాట నేను ఆపను, నడుసుకుంటనే అనుండ్రి."

నిజంగానే ఆమె పాట అందుకుంది. మిగతావాళ్లు కూడా బతుకమ్మలు నెత్తిన పెట్టుకున్నారు. నేను చెప్తే నవ్వినవాళ్లంతా ఆమె వెనుక బారులు తీరి, పాట అందుకుంటూ పల్లంలోకి దిగారు. పల్లంలో ఇసుక అప్పటికే తేమగా ఉంది. అడుగు వేస్తే నీళ్లు ఊరుతున్నాయి. ముసలమ్మలను చెరో రెక్కా పట్టుకుని నడిపించాం. అంతలో నా చిన్నవాడు నా చెయ్యి విడిపించుకుని వెనక్కి తిరిగాడు.

"నా కర్ర! నా కర్ర కొట్టుకపోతది!"

రెండు అంగల్లో వాడి చొక్కా కాలరు దొరకబుచ్చుకున్నాను. వాడు నన్ను కొరికాడు. కొరికినా వదల్లేదు. గట్టు ఎక్కేదాకా గుండెకు అదుముకునే ఉన్నాను.

అందరం గట్టెక్కి, బతుకమ్మలు దించి, మళ్లీ వరుస కట్టేసరికి నీళ్లు వచ్చాయి. కథల్లో చెప్పినట్టు గోడలా లేచి రాలేదు. ఎవరో ఎర్రటి దుప్పటి పరిచినట్టు పల్లం పొడవునా చప్పుడు లేకుండా పరుచుకున్నాయి. చూస్తుండగానే మోకాలి లోతు, తర్వాత నడుము లోతు. దిబ్బ కొంతసేపు ఒంటరిగా మిగిలింది. దాని మీద మా కాలి గుర్తులు, రాలిన బంతిపూల రేకులు ఉన్నాయి. తర్వాత అదీ లేదు. వేళ్లతో సహా పెకిలిన ఒక చెట్టు సరిగ్గా మేము ఆడిన చోటు మీదుగా తిరుగుతూ పోయింది.

మా ఏరాలు తన ఇద్దరు పిల్లలనూ దగ్గరకు లాక్కుని నా వైపు చూసింది. కళ్లలో నీళ్లు, అయినా నోరు ఊరుకోదు కదా.

"చెల్లె, వాగు అంగీ జర పొట్టిదైనట్టుంది. ఇంకింత బట్ట పట్టాలె."

అందరూ నవ్వారు. ఆ నవ్వులో నేనూ ఉన్నాను. ఈసారి అది నా మీద నవ్వు కాదు.

పాట పూర్తిగా పాడాం. అత్తమ్మ గౌరమ్మను తీసి, పసుపు అందరికీ పంచింది. గట్టు మీద నుంచే బతుకమ్మలను ఒక్కొక్కటిగా వదిలాం. అవి ఎప్పటిలా నెమ్మదిగా తేలలేదు, గిర్రున తిరిగి వెళ్లిపోయాయి. సద్దులు విప్పి పెరుగన్నం, నువ్వుల పొడి పంచుకునేటప్పుడు అత్తమ్మ మొదటి ముద్ద మనవరాలి నోట్లో పెట్టింది. ఒక్క మాట కూడా మెచ్చుకోలేదు. ఆమె అలవాటు అది. ఇంటికి వెళ్లేటప్పుడు మాత్రం ఆ పిల్ల చెయ్యి వదల్లేదు.

నేను వాళ్ల వెనుక నడిచాను. నా కూతురికి నా భయం వచ్చింది. నిజమే, కర్ర దగ్గరకు పరుగెత్తించింది ఆ భయమే. కానీ దానితో పాటు నా దగ్గర లేనిది కూడా ఎక్కడి నుంచో వచ్చింది. అది ఎక్కడి నుంచి వచ్చిందో ముందు నడుస్తున్న ఆ ఇద్దరినీ చూస్తే అర్థమైంది. నా పిల్లలకు చదువు చెప్తున్నది నేనొక్కదాన్నే అనుకున్నాను ఇన్నాళ్లూ. అరుగు మీద ఒక బడి ఉంటే, ఇంటి లోపల ఇంకో బడి నడుస్తూనే ఉంది. ఆ రెండూ నా బిడ్డలో కలిసిన చోటు నేను కళ్లారా చూశాను. నా గుండె అంతగా పొంగిన రోజు నా జీవితంలో ఇంకొకటి లేదు.

మర్నాడు పొద్దున దసరా. పిల్లలిద్దరూ నేను లేవకముందే గట్టు దాకా వెళ్లి వచ్చి ముఖాలు వేలాడేసుకుని అరుగు మీద కూర్చున్నారు.

"అమ్మా, కర్ర లేదు," అన్నాడు చిన్నవాడు. "బండ గూడ కనవడతలేదు."

నా కూతురు చాలాసేపు పలక మీద సున్నాలు చుట్టి, తల ఎత్తకుండా అడిగింది.

"అమ్మా, నడిమిట్ల లేపుమన్నందుకు నాయినమ్మకు కోపమొచ్చిందా?"

ఇద్దరినీ చెరో పక్కన కూర్చోబెట్టుకున్నాను.

"రాలే బిడ్డా. నిన్న నీళ్లు సూడంగనే నాకు భయమైంది. అందరికి నా భయం చెప్పిన, ఎవ్వలు ఇనలే. నువ్వు గౌరమ్మ సంగతి చెప్పినవ్, నాయినమ్మ ఇన్నది. ఆ సంగతి నాకు తోచలే. నేను నేర్పింది గాదది. కర్ర పోతే పోనీ, వడ్లాయనతోని ఇంకింత పొడుగుది చేపిద్దాం. ఇప్పుడైతే లోపటికి పోయి నాయినమ్మను తోలుకరాండ్రి. చాప మీద నా పక్కన జాగ ఉన్నది. ఇయ్యాల పాఠం ఆమె చెప్తది, మీతోని నేను గూడ కూసుంట."